వాసన డ్యూటీ

జూలై 7, ఆదివారం

హెప్సి వచ్చేసింది. పద్మజ, రాబర్ట్ తెచ్చి దింపి, భోజనం చేసి, పిల్ల పెరట్లో కోడిపిల్లల్ని చూస్తుండగా చెప్పకుండా కారెక్కేశారు. అలా దొంగల్లా వెళ్ళకండి, చెప్పి వెళ్ళండి అన్నాను. చెబితే ఏడుస్తుందమ్మా అంది నా కూతురు. చెప్పకపోయినా ఏడ్చింది. కాకపోతే ఆ ఏడుపు నా వాటాకి వచ్చింది.

పిల్లతోపాటు ఒక బట్టల బ్యాగు, ఒక గుడ్డ కుందేలు, ఒక పెద్ద అట్టపెట్టె దిగాయి. పెట్టె నిండా లీటరు పాల డబ్బాలు. లాక్టోజ్ ఫ్రీ. మామూలు పాలు తాగితే దానికి కడుపు ఉబ్బిపోయి మోషన్లు పట్టుకుంటాయి. వైజాగ్‌లో క్రెష్‌లో వేసిన ఏడాదంతా అదే గోల. చివరికి డాక్టరు కనిపెట్టాడు, పాలలో ఉండే చక్కెర దీనికి అరగదని. ఒక్క పిల్ల కోసం వేరే పాలు పెట్టలేమని క్రెష్ వాళ్ళు చేతులెత్తేశారు. పద్మజకి ఆస్పత్రిలో షిఫ్టులు, అల్లుడికి ఫ్యాక్టరీలో షిఫ్టులు. నేను నరసన్నపేటలో రాయిలా ఉన్నాను కదా, ఇక్కడికి తెండి, మా వీధి చివరి స్కూల్లోనే యూకేజీలో వేద్దాం అన్నాను.

పద్మజ నర్సు. వార్డులో కొత్తగా చేరిన జూనియర్‌కి చెప్పినట్టు నాకు చెప్పింది. మూత తియ్యని డబ్బా అలమారలో ఉన్నా ఏమీ కాదు. మూత తీశాక ఫ్రిజ్‌లోనే ఉండాలి. తీసిన తేదీ డబ్బా మీద రాయాలి. మూడు రోజులు దాటితే పారబోయాలి. పిల్లకిచ్చే ముందు ప్రతిసారీ వాసన చూడాలి. ప్రతిసారీ అమ్మా, అని మళ్ళీ చెప్పింది.

అల్లుడు చెప్పింది వేరు. పిల్ల ఎదుటే, నవ్వుతూనే చెప్పాడు. మధురవాడ వైపు కొత్తగా ఒక డే బోర్డింగ్ తెరిచారట, పిల్లలకి విడిగా డైట్ ఇస్తారట. ఇక్కడ ఒక్కసారి మళ్ళీ కడుపు చెడిందంటే తీసుకెళ్ళిపోతాం అత్తయ్యా అన్నాడు. అంత మంచి మొహంతో అంత మాట. సరే బాబూ అన్నాను. ఇంకేం అంటాను.

వాసన సంగతి ఇద్దరికీ చెప్పలేదు. నా ముక్కు పనిచేయదు. కరోనా రెండో వేవ్‌లో పోయింది, మళ్ళీ రాలేదు. వచ్చేసిందని అప్పట్లోనే అందరికీ చెప్పాను. ఎవరూ మళ్ళీ అడగలేదు.


జూలై 8, సోమవారం

మొదటి డబ్బా తెరిచాను. తేదీ స్కెచ్ పెన్‌తో రాస్తే ఫ్రిజ్ చెమ్మకి సాయంత్రానికల్లా అలుక్కుపోయింది. ఎనిమిదో మూడో దేవుడికే తెలియాలి. కాగితం మీద రాసి టేపు వేశాను.

ముక్కు లేకపోతేనేం, నాలుక ఉంది కదా అని ఒక చుక్క వేసుకున్నాను. తియ్యగా ఉన్నాయి. ఎవరు పంచదార కలిపారు ఇందులో అని హెప్సి మీద అరిచాను. అది బిత్తరపోయింది. పద్మజకి ఫోన్ చేస్తే ఆ పాలు అంతేనమ్మా అంది. పాలలో ఉన్న చక్కెరని ముందే విరగ్గొట్టేస్తారట, అందుకే తీపి ఎక్కువట. చక్కెరని విరగ్గొట్టి పాలని విరక్కుండా అమ్ముతున్నారన్నమాట. బాగానే ఉంది. నాకు మిగిలిన ఆ ఒక్క నాలుక కూడా ఇప్పుడు కొరగాకుండా పోయింది. పులుపు బాగా ముదిరితే తప్ప అది నాకు ఏమీ చెప్పదు.


జూలై 11, గురువారం

కరెంటు మధ్యాహ్నం పోయి చీకటిపడే వేళకి వచ్చింది. ఫ్రిజ్‌లో డబ్బా మీద చెయ్యి వేస్తే చల్లగానే ఉన్నట్టుంది. చల్లగానే ఉందా? మళ్ళీ తలుపు తీశాను. మళ్ళీ వేశాను. అలా తీసి తీసి ఉన్న చల్లదనం నేనే పోగొట్టాను.


జూలై 12, శుక్రవారం

ఉపాయం తట్టింది. తవిటమ్మ రోజూ పొద్దున్నే నా టీకి గేదె పాలు తెస్తుంది. ముక్కు ఆమెకుంది కదా. నిన్న తెరిచిన డబ్బా ఇచ్చి, ఈ కొత్త రకం పాలు ఎలా ఉన్నాయో చూడవే అని ఊరికే అడిగినట్టు అడిగాను. తవిటమ్మ ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించింది. ఏటి టెలిఫోనమ్మా, ఇయి పాలేనా, ఇరిగిపోనాయి, పారబొయ్యి అంది. నేను ఎక్స్‌ఛేంజ్‌లో పనిచేసి వీఆర్ఎస్ తీసుకున్నాను కాబట్టి ఈ వీధికంతటికీ టెలిఫోనమ్మని.

పారబోశాను. సగానికి పైగా ఉన్నాయి. మనసు ఉసూరుమంది. కానీ పిల్ల గండం గడిచింది కదా అనుకున్నాను.


జూలై 14, ఆదివారం

నిన్న ఇంకో డబ్బా తవిటమ్మ మాట మీద పోయింది.

ఈరోజు అనుమానం వచ్చి, ఆమె ఎదుటే కొత్త డబ్బా సీలు చింపి ఇచ్చాను. అదే మొహం. అదే మాట. ఇరిగిపోనాయి. ఇప్పుడే కదే తీశాను అంటే, అయితే కంపెనీలోనే ఇరిగిపోనాయి, మా గేదె పాలకి ఏటి రోగమొచ్చినాది, ఈ పెట్టెల పాలెందుకు, ఇయి ఏ గొడ్డు ఇచ్చినాదో ఎవులికి తెల్సు అంది.

ఆమె ముక్కుకి గేదె పాలు తప్ప ప్రపంచంలో పాలన్నీ చెడిపోయినవే. నేను ఆమెని తిట్టలేను, నవ్వలేను. చర్చిలో పాస్టరుగారు ఏం ప్రసంగించారో ఒక్క ముక్క ఎక్కలేదు. ఫ్రిజ్ గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను.


జూలై 21, ఆదివారం

చెప్పేయొచ్చు కదా అని పొద్దుట్నుంచీ మనసు పీకుతోంది. పద్మజా, నాకు వాసన తెలియడం లేదే, అంటే అయిపోతుంది. అయిపోతుంది, పిల్లని తీసుకుపోతారు. వాసన తెలియని ముసలిదాని దగ్గర కడుపు నాజూకు పిల్లని ఏ నర్సు వదులుతుంది? నేనైనా వదలను.

అప్పుడే ఎందుకు చెప్పలేదంటే, ఎలా చెప్తాను. అదే వారంలో ఆయన పోయారు. పద్మజ కోవిడ్ వార్డులో డ్యూటీలో ఉంది, రావడానికి వీల్లేదు. ఫోన్‌లోనే ఏడుపు, ఫోన్‌లోనే ప్రార్థన. అన్నీ అయ్యాక, అమ్మా నీకు వాసన వస్తోందా అని అడిగింది. మొగుడు పోయిన ఇంట్లో కూర్చుని ముక్కు గురించి ఏడుస్తామా? వస్తోంది అన్నాను. అంతే. ఆయన చొక్కాలు అన్నీ ఉతికి ఆరేసి ఎవరికో ఇచ్చేశాను. వాసన తెలిసి ఉంటే ఒక్కటైనా ఉతక్కుండా దాచుకునేదాన్ని. ఆ తెలివి అప్పుడు లేదు.

ఉద్యోగమంతా చెవులతో చేసినదాన్ని. ముక్కు పోతే పోయింది, చెవులున్నాయి చాలు అనుకున్నాను. పాలు మాట్లాడవు కదా.


జూలై 30, మంగళవారం

బస్టాండ్ నుంచి పార్సిల్ తెచ్చుకున్నాను. కొత్త పెట్టె. పాత పెట్టె ఇంత త్వరగా ఎలా అయిపోయింది అత్తయ్యా అని అల్లుడు అడిగాడు. పిల్ల బాగా తాగుతోంది బాబూ అన్నాను. తవిటమ్మ మాట మీద పెరట్లో పోసినవి చెప్పలేదు.

ఇప్పుడు నా పద్ధతి కుదిరింది. డబ్బా ఫ్రిజ్ తలుపు అరలో పెట్టకూడదట, తలుపు తీసినప్పుడల్లా వేడి తగులుతుందట. లోపల వెనక అరలోకి మార్చాను. పొద్దున్నే హెప్సికి చల్లగా ఒక గ్లాసు, కాచనవసరం లేదు, దానికి అలాగే ఇష్టం. సాయంత్రం కాచి చోడి జావలో, అదే, రాగి జావలో. కాచినప్పుడు కొంచెం ఎర్రబారుతున్నాయి, మాడిపోలేదు, ఆ పాల గుణమే అంతట. మిగిలినవి చల్లార్చి మళ్ళీ డబ్బాలోకే పోసేస్తున్నాను. చుక్క వృథా కావడం లేదు. కాచిన రోజు విరక్కుండా నిలిచాయంటే బాగున్నట్టే కదా. పొయ్యే నా ముక్కు.

పిల్ల ఒళ్ళు చేసింది. బుగ్గలు వచ్చాయి. చేరిన నాటి నుంచి ఒక్క మోషన్ లేదు. ఏటి, సూడు, ఎల్దాం అంటోంది. అల్లుడు వింటే మొహం మాడ్చుకుంటాడు. పద్మజా చిన్నప్పుడు అలాగే మాట్లాడేది.


ఆగస్టు 9, శుక్రవారం

ఈరోజు దొరికిపోయినంత పనైంది.

స్కూల్లో ఏదో ఆట నేర్పారట. కళ్ళకి గంతలు కట్టి, ముక్కు దగ్గర ఒక్కో వస్తువు పెడితే ఏమిటో చెప్పాలి. హెప్సి నా కళ్ళకి తన స్కూలు కర్చీఫ్ కట్టింది. వద్దే, పని ఉంది అన్నాను. ఒక్కసారి అమ్మమ్మా అంది. ఆ ఒక్కసారి దగ్గరే నేను చచ్చాను.

మొదటిది నిమ్మకాయ. పట్టుకుందామని చెయ్యి పెట్టాను, చేతులు పెట్టకూడదు అంది. ఏదో ఒకటి చెప్పాలి కదా, మల్లెపూలు అన్నాను. కిసకిస నవ్వింది. నేను వేళాకోళం చేస్తున్నాననుకుంది. రెండోది ఇంగువ డబ్బా అట. ఏదో పౌడరు అన్నాను. మళ్ళీ నవ్వింది, ఈసారి తక్కువ. మూడోదానికి ఏం చెప్పానో గుర్తు లేదు. అది వాళ్ళ తాతయ్య ఫొటో దగ్గర పెట్టే సాంబ్రాణి కడ్డీ, వెలిగించలేదు. నాలుగోదానికి హెప్సి నవ్వలేదు.

కర్చీఫ్ విప్పింది. నా మొహంలోకి చూస్తూ నిలబడింది. అమ్మమ్మా నీకు జలుబు చేసిందా అంది. అవును తల్లీ, చేసింది అన్నాను.


ఆగస్టు 10, శనివారం

జలుబు తగ్గిందా అని అడిగింది. తగ్గింది అన్నాను. సరే అంది.


ఆగస్టు 20, మంగళవారం

హెప్సి ఇప్పుడు పాలు ఇంట్లో తాగడం లేదు. గ్లాసు పట్టుకుని పెరట్లో జామచెట్టు కిందకి పోతుంది, ఖాళీ గ్లాసు తెస్తుంది. కోడిపిల్లల్ని చూస్తూ తాగుతాను అంటుంది. పోనీలే, తాగడం ముఖ్యం.

కానీ రోజూ నాకంటే ముందు లేచి వంటింట్లోకి వస్తోంది. నేను డబ్బా తీస్తుంటే పక్కనే నిలబడుతుంది. ముక్కు ఎగబీల్చి నేను వాసన చూసినట్టు నటిస్తాను కదా, అప్పుడు నన్నే చూస్తుంటుంది. అయిదేళ్ళ పిల్లకి ఏం తెలుస్తుంది అని సర్దిచెప్పుకుంటున్నాను.


ఆగస్టు 27, మంగళవారం

కొట్టాను. చెయ్యి ఇంకా మండుతోంది.

జామచెట్టు మొదట్లో చీమలు బారులు కట్టి ఉంటే ఏమిటా అని వంగి చూశాను. తెల్లగా మరక. పాలు. ఎన్నాళ్ళ నుంచి పోస్తోందో. బస్సు మీద పార్సిల్ వేయించుకుని, మూడు సార్లు ఫ్రిజ్ తలుపు చూసుకుని, నిద్ర లేక, నేను ఈ పాలని కాపలా కాస్తుంటే ఈ మహారాణి చెట్టుకి పోస్తోంది. ఎందుకు పోశావే అన్నాను. మాట్లాడలేదు. నచ్చకపోతే నోరు తెరిచి చెప్పు అన్నాను. మాట్లాడలేదు. అదే మా పద్మజ మొండితనం, అదే కింది పెదవి. వీపు మీద రెండు వేశాను.

ఏడవలేదు. ఇంకెప్పుడైనా పారబోస్తావా అంటే అప్పుడు తల అడ్డంగానూ ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు. తిక్కపిల్ల.

భోజనాల దగ్గర నా పక్కకే వచ్చి కూర్చుంది. నేనే అన్నం తినలేకపోయాను.


ఆగస్టు 31, శనివారం

అల్లుడి ఫోన్. డే బోర్డింగ్‌లో ఒక సీటు ఉందట, త్వరగా చెప్పమంటున్నారట. పిల్ల ఎలా ఉందత్తయ్యా అన్నాడు. నీ కూతురిని చూస్తే గుర్తుపట్టలేవు, బండరాయిలా ఉంది అన్నాను. కడుపు అన్నాడు. ఒక్క పూట చెడలేదు అన్నాను. ఈ మాట గట్టిగా చెప్పగలిగాను, ఎందుకంటే నిజం. అయితే ఉంచుదాంలెండి, మీ దగ్గరే బాగుంది అన్నాడు.

ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్ళి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. హెప్సి వచ్చి ఏటి అమ్మమ్మా నవ్వుతున్నావు అంది. నిన్ను ఎవరికీ ఇవ్వనే అన్నాను. నాకు తెలుసు అంది.


సెప్టెంబర్ 7, శనివారం

వాయుగుండం. రాత్రి నుంచి ఒకటే కురుస్తోంది. వీధి కాలువ అయిపోయింది. హెప్సికి పడిశం పట్టింది, ముక్కు దిబ్బడేసి నోటితో ఊపిరి తీస్తోంది. తులసాకు కషాయం పట్టాను. చేదు అని గోల.


సెప్టెంబర్ 8, ఆదివారం

కరెంటు లేదు. చర్చికి వెళ్ళలేదు. తవిటమ్మ గొడుగేసుకుని వచ్చి గేదె పాలు పోసి, సూరయ్య మావ ఇంటి గోడ పడిపోనాదని చెప్పి వెళ్ళింది.

నిన్న తీసిన డబ్బా ఉంది. నిన్న సాయంత్రం కాచి జావలో పోసి, మిగిలినవి దాంట్లోనే పోశాను. మూడు రోజుల్లో ఇంకా ఒక్కరోజే అయింది. ఫ్రిజ్ తలుపు తియ్యకుండా ఉంచాను, ఉన్న చల్లదనం పోకుండా.


సెప్టెంబర్ 9, సోమవారం, పొద్దున్న

కరెంటు ఇంకా రాలేదు. డబ్బా చల్లగా లేదు. స్కూలుకి సెలవు ఇచ్చారు. హెప్సి ఆకలి అంది. నాలుక మీద చుక్క వేసుకున్నాను. తీపి. కాస్త చేదు కూడానా? ఇందాక దానికి పట్టిన కషాయం గరిటె నేను నాకాను, అదేమో. గ్లాసులో పోశాను. హెప్సి గ్లాసుని ముక్కు దగ్గర పెట్టుకుంది, చీదింది, మళ్ళీ పెట్టుకుంది. నా మొహం చూసింది. పెరట్లో వాన. నా ఎదుటే గటగటా తాగేసింది.

చూశావా, తాగితే ఎంత బాగుందో అన్నాను.


అదే రోజు, మధ్యాహ్నం

వాంతులు. మోషన్లు. ఆపకుండా. తవిటమ్మ కొడుకు ఆటో తెస్తున్నాడు. శ్రీకాకుళం వెళ్తున్నాం. ప్రభువా, నా ముక్కుతోపాటు నా బుద్ధి కూడా తీసుకుపోయావా.


సెప్టెంబర్ 10, మంగళవారం. ఆస్పత్రి

సెలైన్ ఎక్కుతోంది. డాక్టరు భయం లేదన్నాడు, సమయానికి తెచ్చారన్నాడు. హెప్సి నిద్రపోతోంది. ఇప్పుడు రాయకపోతే నాకు పిచ్చెక్కుతుంది.

పద్మజ, రాబర్ట్ పొద్దున్నే వచ్చారు. హైవే మీద నీళ్ళట, ఎలా వచ్చారో. పద్మజ నా వంక చూడకుండా నేరుగా పిల్ల చెయ్యి పట్టుకుని నాడి చూసింది. అల్లుడు మాత్రం నన్నే చూశాడు. ఏం పెట్టారత్తయ్యా అన్నాడు. గొంతు పెంచలేదు. పాలు అన్నాను. వాసన చూశారా అన్నాడు. నేను నోరు తెరిచాను. చూశాను అనబోయాను, ఇన్నాళ్ళూ అన్నట్టే.

అప్పుడు హెప్సి లేచి కూర్చోబోయింది. సూది ఉన్న చెయ్యి కదపొద్దని పద్మజ పట్టుకుంది. నాన్నా, అమ్మమ్మని ఏమనకు, తప్పు నాదే అంది. నాకు జలుబు చేసింది, ముక్కు మూసుకుపోయింది, వాసన డ్యూటీ చెయ్యలేకపోయాను అంది.

ఏం డ్యూటీ అన్నాడు అల్లుడు. పిల్ల విసుక్కుంది, ఇంత తెలియని మనిషా అన్నట్టు. అమ్మమ్మ ముక్కు పని చెయ్యదు కదా, అందుకని రోజూ నేనే సూస్తాను అంది. బాగుంటే తాగుతాను, బాగోపోతే చెట్టుకి పోసేస్తాను అంది. మరి మాకెందుకు చెప్పలేదే అంది పద్మజ. చెబితే నన్ను తీసుకెళ్ళిపోతారుగా, నాన్న అన్నాడుగా అంది.

తర్వాత నా వైపు తిరిగి సారీ అమ్మమ్మా అంది. వీపు మీద దెబ్బలు తిన్న పిల్ల, దెబ్బల మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు.

నేను బయట బెంచీ మీదకొచ్చి కూలబడ్డాను. అది చెట్టుకి పోసిన ప్రతి గ్లాసూ నేను చేతులారా ఇచ్చిన చెడిపోయిన పాలు. అది పోసింది కాబట్టే దాని కడుపు చెడలేదు. నేనేమో అల్లుడి దగ్గర గొప్పలు పోయాను.


సెప్టెంబర్ 11, బుధవారం

పద్మజ బెంచీ దగ్గరికి వచ్చింది. ఎప్పట్నుంచి అంది. నువ్వు అడిగిన రోజు నుంచి అన్నాను. నాన్న పోయినప్పట్నుంచా అంది. అవును. ముక్కు చీదుకుంది. తర్వాత నర్సు అయిపోయింది. డబ్బా తేదీ బాగానే ఉంది కదా, ఎలా చెడింది, కరెంటు ఒక్కటేనా అంది. మిగిలిన కాచిన పాలు మళ్ళీ డబ్బాలో పోసేదాన్ని అని చెప్పాను.

అమ్మా, అని తల పట్టుకుంది. నేనేం చెయ్యను. మా అమ్మ దాకలో పోసేది, నేను గిన్నెలో పోస్తాను, మిగిలిన పాలు పాలల్లోకే పోతాయి. ఈ జిల్లాలో ఏ ఇంట్లో అడిగినా అదే. గేదె పాలైతే మర్నాడు మళ్ళీ పొయ్యి మీదకి ఎక్కుతాయి, చెల్లిపోతుంది. ఇవి కాచకుండా చల్లగా తాగే పాలు అని తెలిసీ, నేనే మరిచాను. గిన్నె, గరిటె తగిలిన చుక్క మొత్తం డబ్బాని పాడుచేస్తుందట. పైగా చెడిన పాలన్నీ కాచినప్పుడు విరగవట. చెడినా పొయ్యి మీద చక్కగా నిలబడే పాలుంటాయట.

నేను తిట్లకి సిద్ధంగా ఉన్నాను. కానీ పద్మజ భయపడింది పాలకి కాదు. గ్యాస్ లీకైతే అంది. అన్నం మాడితే, వైరు కాలితే, నువ్వు ఒక్కదానివి ఇన్నేళ్ళు ఆ వంటింట్లో ఎలా ఉన్నావు అంది. అప్పుడు ఏడ్చింది. వైజాగ్ వచ్చెయ్ అంది. చూద్దాంలే అన్నాను.


సెప్టెంబర్ 14, శనివారం

హెప్సి బాగుంది. ఇడ్లీ తింది. డిశ్చార్జి చేసి అందరం నరసన్నపేట వచ్చాం.

రాబర్ట్ వంటింట్లో గోడకి ఒక తెల్ల పరికరం బిగించాడు. గ్యాస్ లీకైతే కూస్తుందట. స్టూలు మీద నిలబడి స్క్రూలు తిప్పుతూ, నాకు ముందే చెప్పుంటే బాగుండేది అత్తయ్యా అన్నాడు. చెబితే నువ్వు పిల్లని ఉంచేవాడివా అన్నాను. ఇంకో స్క్రూ బిగించాడు. ఉంచేవాణ్ణి కాదు అన్నాడు. అబద్ధం చెప్పనందుకు ఆ మనిషి మీద నాకు కోపం పోయింది.

తవిటమ్మ వచ్చి, నాను అప్పుడే సెప్పలేదేటి, ఆ పాలు ఇరిగిపోనాయని అంది. అందరికీ చెప్పింది. వీధంతా చెప్పింది.

హెప్సి తన బట్టలు తనే మడత పెట్టుకుంది. మీ అమ్మానాన్నలు చెప్పకుండా వెళ్ళినట్టు నువ్వు వెళ్ళొద్దు, చెప్పి వెళ్ళు అన్నాను. చెబితే నువ్వు ఏడుస్తావు అంది.


సెప్టెంబర్ 15, ఆదివారం

చెప్పే వెళ్ళింది.


సెప్టెంబర్ 19, గురువారం

ఇంట్లో పాలకి ఏ గొడవా లేదు. నా టీకి తవిటమ్మ పోసే పాలు చాలు. పొద్దున్నే ఫ్రిజ్ తలుపు తీసి వెనక అరలోకి చూస్తున్నాను. అరలో ఏమీ లేదు. మళ్ళీ వేస్తున్నాను. మధ్యాహ్నం మళ్ళీ తీస్తున్నాను. పుస్తకం చదవబుద్ధి కాదు, టీవీ చూడబుద్ధి కాదు. పద్మజ రోజూ ఫోన్ చేసి వచ్చెయ్యమంటోంది. వస్తాను, ఇల్లు ఎవరికైనా అద్దెకి చూసి వస్తాను అంటున్నాను. ఎవరికీ చూడలేదు.


సెప్టెంబర్ 24, మంగళవారం, పొద్దున్న

వీడియో కాల్. హెప్సి డే బోర్డింగ్ యూనిఫాంలో ఉంది. అమ్మమ్మా నీ పాలు తే, వాసన డ్యూటీ ఉంది అంది. తవిటమ్మ అప్పుడే పోసి గడప మీద కూర్చుంది, నురగ కూడా ఆరలేదు. గ్లాసులో పోసి తెచ్చాను. ఫోన్‌కి దగ్గరగా పెట్టు అంది. పెట్టాను. స్క్రీన్ నిండా దాని ముక్కు. గట్టిగా పీల్చింది. బాగోలేదు, పారబొయ్యి అంది.

పారబోశాను.

ఏటి టెలిఫోనమ్మా, మతిపోనాదేటి, ఇప్పుడే కదా పిండినాను అని తవిటమ్మ లేచింది. ఇంకోటి తే అంది హెప్సి. తెచ్చాను. పీల్చింది. ఇదీ బాగోలేదు. పారబోశాను. వెనకనుంచి పద్మజ వ్యాన్ వచ్చేసిందని అరుస్తోంది. ఇంకోటి అంది హెప్సి. గిన్నె వంచి చూపించాను, అయిపోయాయి తల్లీ అన్నాను.

అయితే రేపు మళ్ళీ సూస్తాను అంది.